వార్ధాకు ఈ ఒడ్డున ఎగిరిన జెండాలు

ఒక ప్రాంతం చరిత్ర రాయాలంటే మనవాళ్ళు సాధారణంగా రాజుల వరుసతో మొదలుపెడతారు. ఎవరి తర్వాత ఎవరు, ఎవరి కొడుకు ఎవరు, ఎవరిని ఎవరు ఓడించారు అన్న లెక్క. కోర్పనాకు ఆ పద్ధతి కుదరదు. రాజధానుల జాబితాలో ఈ ఊరి పేరు కనబడదు. చంద్రపూర్ జిల్లా పడమటి కొసన, వార్ధా, పైన్‌గంగ నదులకు దక్షిణాన, ఆదిలాబాద్ వైపు పోయే దారిలో ఉన్న తాలూకా ఊరు ఇది. చుట్టూ పత్తి చేలు, సున్నపురాయి గనులు, గడ్‌చాందూర్, ఆవార్‌పూర్ సిమెంటు కర్మాగారాల పొగగొట్టాలు. సంతలో నిలబడితే మరాఠీ, తెలుగు, గోండీ, కొలామీ, లంబాడీ, ఉర్దూ అన్నీ చెవిన పడతాయి. కొలువులు తీరిన ఊరు కాకపోయినా ఈ నేల మీద ఎగిరిన జెండాలు మాత్రం తక్కువేమీ కావు. ఆ జెండాల గురించి, వాటి మీద ఉన్న గుర్తుల గురించి నాలుగు మాటలు చెప్పాలని నా ప్రయత్నం. జెండాను చూస్తే ఏలినవాడెవడో తెలుస్తుంది. దాని నీడలో బతికినవాళ్ళు ఎవరో తెలుస్తుందా అన్నది నా ప్రశ్న.

ముందుగా మన భాషలో ఈ వస్తువులకున్న పేర్లు చూద్దాం. జెండా అన్నది ఉత్తరాది నుంచి వచ్చిన మాట. అంతకుముందే మనకు టెక్కెం ఉంది, సిడెం ఉంది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ధ్వజం, పతాకం ఉన్నాయి. జెండా మీదా, రాగిశాసనం ముద్ర మీదా వేసే బొమ్మను లాంఛనం అన్నారు. భారతం విన్న ప్రతివాడికీ అర్జునుడిది కపిధ్వజమనీ, భీష్ముడి టెక్కెం మీద తాటిచెట్టు ఉండేదనీ తెలుసు. దూరం నుంచి రథం ఎవరిదో పోల్చుకోవడానికి అదే ఆనవాలు. చరిత్రలోకి వస్తే చాళుక్యులది వరాహ లాంఛనం. కాకతీయులూ వరాహాన్నే ముద్రగా వాడారు. విజయనగర రాజుల ముద్ర మీద కూడా వరాహమే, పక్కన కత్తి, పైన సూర్యచంద్రులు. రాష్ట్రకూటులది గరుడుడు. ఇంత గౌరవం ఉన్న లాంఛనమనే మాట ఇప్పుడు ఏ స్థితికి వచ్చిందో గమనించండి. అల్లుడికి పెట్టుపోతల్ని లాంఛనాలంటున్నాం. మొక్కుబడిగా చేసే పనిని లాంఛనప్రాయమంటున్నాం. రాజులు పోయాక వారి ముద్రకు మిగిలిన అర్థం అదే కాబోలు.

మా ప్రాంతంలో కళ్ళకు కనబడే పాత లాంఛనం మాణిక్‌గఢ్ కోటది. ఇవాళ అది జివతి తాలూకాలోకి వస్తుంది గాని, గడ్‌చాందూర్ నుంచి కొండ ఎక్కితే చేరేది అక్కడికే. అడవిలో కూలిపోతున్న గోడలు, బురుజులు. నాగవంశీయులు కట్టిన కోట అనీ, వాళ్ళ దేవత మాణిక్యదేవి పేరు మీద మొదట మాణిక్యగఢ్ అయిందనీ చెప్పుకుంటారు. ద్వారం మీద చెక్కిన నాగుపామును ఆ వంశపు గుర్తుగా చూపిస్తారు. తర్వాత ఇది గోండు రాజుల చేతికొచ్చింది. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఎ-అక్బరీలో బేరార్ సుబాకు చెందిన సర్కార్లలో మాణిక్‌దుర్గ్ ఒకటి. ఢిల్లీ కాగితాల్లోకి ఎక్కేంత పేరున్న కోట అన్నమాట. ఇప్పుడు ఆ పేరును ఎక్కువమంది సిమెంటు బస్తా మీద చదివి గుర్తుపడుతున్నారు. రాజు ద్వారం మీద చెక్కించుకున్నాడు, కర్మాగారం బస్తా మీద అచ్చు వేయించుకుంది. రెండూ ఒక రకంగా లాంఛనాలే.

గోండు రాజుల లాంఛనం ఇంతకన్నా స్పష్టమైనది. వారి మొదటి రాజధాని సిర్పూర్ అని సంప్రదాయం. ఇవాళ అది తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి నుంచి వార్ధా ఒడ్డున బల్లార్‌పూర్‌కూ, ఖాండక్యా బల్లాల్ షా కాలంలో చాందాకూ రాజధాని మారింది. రాజుకు ఒంటినిండా కురుపులుండేవనీ, ఝర్‌పట్ వాగు మడుగులో నీళ్ళు తగిలి మానాయనీ, అక్కడే అచలేశ్వరుడి గుడి వెలిసిందనీ కథ. వేటకుక్కను ఒక కుందేలు తరిమిన చోట గోడ కట్టించాడని ఇంకో కథ. మన తెలుగు దేశంలో ఎన్ని కోటలకు ఈ కుందేలు కథ లేదు! కథల మాట ఎలా ఉన్నా, చాందా కోట గోడ, దాని జట్‌పురా, పఠాన్‌పురా, అచలేశ్వర్, బిన్‌బా దర్వాజాలు నేటికీ నిలిచి ఉన్నాయి. చంద్రపూర్ వెళ్ళిన ప్రతివాళ్ళూ వాటికింద నుంచి పోతారు. చాలామంది తలెత్తి చూడరు. తలెత్తితే ఏనుగును అణచివేస్తున్న సింహం కనబడుతుంది. అదే చాందా గోండు రాజుల రాజచిహ్నం.

సింహమూ ఏనుగూ కలిసిన బొమ్మ గోండులు కొత్తగా కనిపెట్టింది కాదు. దక్కనులో ఎన్నో గుళ్ళ మెట్ల పక్కన, స్తంభాల మీద అలాంటిది ఉంది. కాని గుడిలో అది అలంకారం. కోట ద్వారం మీదకు వచ్చేసరికి మాటగా మారింది. ఏనుగు అంటే సైన్యం, సంపద, పెద్ద పెద్ద సుల్తానుల, పాదుషాల బలం. సింహం అంటే అడవి. అడవి రాజు పెద్ద రాజులకు లొంగడన్న బెదిరింపు ఆ రాతిలో ఉందని నాకనిపిస్తుంది. విచిత్రమేమిటంటే ఈ రాజచిహ్నానికీ గోండు పల్లెల్లోని పూజాచిహ్నాలకూ పోలిక లేదు. ఆదిలాబాద్ గోండుల గురించి హైమెండార్ఫ్ వివరంగా రాశాడు. అక్కడ ఒక్కో వంశానికి పెర్స పేన్, అంటే పెద్దదేవుడు ఉంటాడు. ఆ దేవుడికి గుర్తులు ఇనుప బల్లెపు మొన, చామరం. వాటిని మోసుకెళ్తారు, కడుగుతారు, వాటిముందు ప్రధానులు వంశకథ పాడతారు. కోట గుమ్మం మీద రాజుది ఒక గుర్తు, గుడిసెలో వంశానిది మరో గుర్తు. రాజ్యం పోయింది, బల్లెమూ చామరమూ పోలేదు. రాజ్యం పోయాక సింహం ఏనుగుల బొమ్మ కూడా ప్రజల్లోకి దిగింది. ఇవాళ గోండ్వానా సంఘాల జెండాల మీద, బ్యానర్ల మీద కనిపించేది ఆ బొమ్మే. పాలకుడి లాంఛనం పాలితుల ఆత్మగౌరవ చిహ్నంగా మారడం చరిత్రలో అరుదుగా జరిగే సంగతి.

1751లో నాగపూర్ భోంస్లేలు గోండు రాజు నీలకంఠ షా నుంచి చాందాను లాక్కున్నారు. కాషాయ జెండా వచ్చింది. 1803లో ఇంగ్లీషువారితో ఓడిన రెండో రఘూజీ భోంస్లే దేవ్‌గావ్ ఒప్పందం మీద సంతకం పెట్టి వార్ధాకు పడమటి భూముల్ని వదులుకున్నాడు. ఆ భూములు నిజాంకు చేరాయి. అలా వార్ధా నది సరిహద్దు అయింది. 1853లో నాగపూర్ రాజు వారసుడు లేక చనిపోతే డల్హౌసీ ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. చాందా మీద ఇంగ్లీషు జెండా లేచింది. 1858 అక్టోబరు 21న బాబూరావ్ షెడ్మాకేను చాందా జైల్లో ఉరి తీసింది ఆ జెండా కిందే. నదికి ఈ పక్క రాజూరా తాలూకా, అందులో మా పల్లెలు, నిజాం ఏలుబడిలో ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లాలో రాజూరా ఒక తాలూకా. అంటే వార్ధాకు తూర్పు ఒడ్డున యూనియన్ జాక్, పడమటి ఒడ్డున ఆసఫియా జెండా. అవతల కంపెనీ రూపాయి, ఆ తర్వాత మహారాణి రూపాయి. ఇవతల హాలీ సిక్కా. నది దాటి సంతకు పోయే రైతు జెండా వైపు చూసినా చూడకపోయినా, చేతిలో డబ్బు మార్చుకునేటప్పుడు రాజ్యం మారిందని తెలుసుకునేవాడు.

ఆసఫియా జెండా గురించి ఈనాటి పిల్లలకు చెప్పేవాళ్ళు తక్కువ. పసుపుపచ్చని బట్ట, నడుమ గుండ్రటి తెల్లని గుర్తు. ఆ గుండ్రటిది చంద్రుడు కాదు, సూర్యుడూ కాదు. రొట్టె! దానికొక కథ ఉంది. మొదటి నిజాం దక్కనుకు వచ్చేముందు హజరత్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ అనే సూఫీ దగ్గరికి వెళ్ళాడట. ఆయన పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలు పెట్టి తిన్నన్ని తినమన్నాడట. ఆకలితో ఉన్నవాడు ఏడు తిన్నాడు. నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని సూఫీ దీవించాడు. అందుకే జెండాకు పసుపు, నడుమ కుల్చా. 1724లో మొదలైన ఆ పాలన 1948లో మీర్ ఉస్మాన్ అలీఖాన్‌తో ముగిసింది. నడుమ కొద్దికాలం కూర్చున్న ముగ్గురిని వదిలేసి ఆయన్ని ఏడో నిజాం అనడం వాడుక. కథ ముందో లెక్క ముందో గాని రెండూ చక్కగా కలిశాయి. సింహాలూ డేగలూ వేసుకునే రాజుల మధ్య రొట్టెను జెండాకెక్కించిన రాజ్యం ఇది. నాకు ఆ సంగతి నచ్చుతుంది. అయితే ఆ రొట్టెకు పిండి పండించిన రైతు ఆ జెండాలో ఎక్కడా లేడు. 1940లో జోడేఘాట్ కొండల్లో కుమురం భీం అడిగింది అడవి మీద, భూమి మీద హక్కు. దానికి ఆసఫియా జెండా ఇచ్చిన జవాబు తుపాకీ గుండు.

యూరపు పద్ధతి రాజచిహ్నాలు మన సంస్థానాలకు ఎలా వచ్చాయో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. ఆ సందర్భంలో లిట్టన్ ప్రభువు సుమారు తొంభైమంది సంస్థానాధీశులకు పెద్ద పెద్ద పట్టు పతాకాలు బహూకరించాడు. ఒక్కో పతాకం మీద ఒక్కో డాలు, దానికి అటూ ఇటూ జంతువులు, పైన శిరస్త్రాణం, కింద సూక్తి. వీటిని గీసినవాడు బెంగాల్ సివిల్ సర్వీసులోని రాబర్ట్ టేలర్. యూరపులో 12వ శతాబ్దంలో యోధులు డాళ్ళ మీద వేసుకున్న గుర్తుల నుంచి పుట్టిన విద్య అది. ఇనుప ముసుగు వేసుకున్నవాడు ఎవరో పోల్చుకోవడానికి డాలు మీద బొమ్మ. అర్జునుడి కపిధ్వజం పనీ అదే. కాని 1877 నాటి పతాకాల పని వేరు. ఎవరి లాంఛనం ఏదో ఇకమీద నిర్ణయించేది చక్రవర్తిని అని తెలియజెప్పడం. తన గుర్తును పక్కవాడి చేతిమీదుగా అందుకున్న రాజు సగం రాజే.

1947 జూలై 22న రాజ్యాంగసభ త్రివర్ణ పతాకాన్ని ఆమోదించింది. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో గాంధీకి చూపిన నమూనా దాని పూర్వరూపాల్లో ఒకటన్నది మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకునే విషయం. ఆగస్టు 15న ఆ జెండా చాందాలో ఎగిరింది. నది దాటి మా ఒడ్డుకు రాలేదు. నిజాం రాజ్యంలో దాన్ని ఎగరేయడం నేరం. హైదరాబాదులో స్వామి రామానంద తీర్థ అదే రోజు జెండా ఎత్తి అరెస్టయ్యారు. తర్వాతి పదమూడు నెలలు ఈ ఒడ్డున జెండా అంటే బట్ట కాదు, పక్షం. దాన్ని ఇంట్లో దాచుకున్నవాడు ఒక పక్షం. రజాకార్ల ఊరేగింపులో పసుపు జెండా పట్టుకున్నవాడు మరో పక్షం. తెలంగాణ పల్లెల్లో ఎర్రజెండా పట్టిన రైతుది మూడో పక్షం. 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. వార్ధా రెండు ఒడ్డుల మీదా ఒకే జెండా ఎగరడం గోండు రాజుల తర్వాత అప్పుడే స్థిరంగా కుదిరింది.

జెండా ఒకటైనా సరిహద్దు కదలడం ఆగలేదు. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డాయి. హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. ఆదిలాబాద్ జిల్లాలోని రాజూరా బొంబాయి రాష్ట్రంలోకి, నాందేడ్ జిల్లాలోకి వెళ్ళింది. 1959లో అక్కడి నుంచి తీసి చాందా జిల్లాలో కలిపారు. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. 1964లో చాందా పేరు చంద్రపూర్ అయింది. రాజూరా తాలూకా నుంచి కోర్పనా విడివడింది ఆ తర్వాతి మాట. 1948కి ముందు నిజాం ప్రజ, 1956 దాకా హైదరాబాదు రాష్ట్ర పౌరుడు, ఆపైన బొంబాయి రాష్ట్రం, ఆపైన మహారాష్ట్ర. పన్నెండేళ్ళలో నాలుగు చిరునామాలు. ఇందులో ఒక్కసారీ మా తాతలు ఇల్లు కదల్లేదు. కదిలింది కాగితం. ఆ కదలికలో ఇక్కడి తెలుగు కుటుంబాలు రాత్రి పడుకున్నప్పుడు ఒక రాష్ట్రంలో పెద్ద భాషవాళ్ళు, తెల్లారేసరికి మరో రాష్ట్రంలో చిన్న భాషవాళ్ళు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం తెచ్చిన రాజ్యాంగ ఏడో సవరణలోనే 350ఏ అధికరణం ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ పాటుపడాలని దాని సారాంశం. మమ్మల్ని అటు నుంచి ఇటు మార్చిన ఏడాదే మాకు ఆ మాట కూడా ఇచ్చారు. మార్పు ఒక్కరోజులో అమలైంది. మాట ఇంకా దారిలో ఉంది.

రాష్ట్రాలకు కూడా లాంఛనాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ అమరావతి శిల్పంలోని పూర్ణకుంభాన్ని పెట్టుకుంది. 2014లో ఏర్పడ్డ తెలంగాణ కాకతీయ కళాతోరణాన్నీ చార్మినారునూ పెట్టుకుంది. నిజాం రూపాయి మీద ఉన్న చార్మినార్ అలా ప్రజల ప్రభుత్వపు ముద్రలోకి వచ్చింది. 2024లో ఆ చిహ్నాన్ని మార్చబోతే పెద్ద గొడవ జరిగి నిర్ణయం వాయిదా పడింది. మహారాష్ట్ర ముద్రలో సమయీ దీపం, చుట్టూ శివాజీ ముద్రలోని శ్లోకాన్ని అనుసరించిన సంస్కృత వాక్యం. పాడ్యమి చంద్రుడిలా పెరిగే ముద్ర అని దాని భావం. మంచి భావమే. ఇవన్నీ చూస్తే తెలుగువాడి పూర్ణకుంభం, తోరణం సరిహద్దుకు అవతల ఆగిపోయాయి. మరాఠీ దీపం రాజ్యపు దీపంగా వచ్చింది. ఇక జిల్లాకు సొంత లాంఛనమంటూ లేదు. మన దేశంలో జిల్లా అంటే కలెక్టరు కచేరీ. ఆయన కాగితం మీద రాష్ట్రపు ముద్రో, అశోకుడి సింహాలో ఉంటాయి. జిల్లాకు మనిషిలాగా ఒక ముఖం ఉండవచ్చన్న ఆలోచన మన పరిపాలనలో లేదు.

ఆ ఆలోచన ఉన్న దేశం జర్మనీ. అక్కడ జిల్లాను క్రైస్ అంటారు. మొత్తం 294 జిల్లాలు. ప్రతి జిల్లాకూ డాలు ఆకారంలో ఒక చిహ్నం, ఎక్కువ జిల్లాలకు జెండా ఉంటాయి. అవి ఎవరో పైనుంచి పంపినవి కావు. జిల్లా సభ తీర్మానించుకుంటే రాష్ట్రం అనుమతిస్తుంది. 1918లో జర్మనీలో రాజులంతా పోయారు. అయినా నస్సావు ప్రభువుల సింహం, బవేరియా రాజుల నీలం తెలుపు గళ్ళు నేటికీ ఎన్నో జిల్లాల డాళ్ళ మీద ఉన్నాయి. రాజు మీద భక్తితో కాదు, మా నేల ఒకప్పుడు ఫలానా ఏలుబడిలో ఉండేదని గుర్తు పెట్టుకోవడానికి. చాందా దర్వాజా మీది సింహాన్ని గోండు సంఘాలు తమ జెండా మీదికి తెచ్చుకున్నదానికీ దీనికీ కొంత దగ్గర పోలిక ఉంది.

వాటిలో ఒక జిల్లా కథ మన కథలాగే ఉంటుంది కనుక చెబుతాను. జర్మనీకి ఉత్తరపు అంచున, డెన్మార్క్ సరిహద్దులో, సముద్రం ఒడ్డున నోర్డ్‌ఫ్రీస్లాండ్ అనే జిల్లా ఉంది. 1864 దాకా అది డెన్మార్క్ రాజు ఏలుబడి. ఆ ఏడు యుద్ధంలో ఓడి డెన్మార్క్ ఆ ప్రాంతాన్ని వదులుకుంది. కొద్దికాలానికే అది ప్రష్యా పరమైంది. 1920లో ఎటు ఉంటారని జనాన్నే అడిగి ఓట్లు వేయించి సరిహద్దు గీశారు. టోండర్న్ జిల్లా ఉత్తర భాగం డెన్మార్క్‌కు, దక్షిణ భాగం జర్మనీకి వచ్చాయి. 1970లో ఆ దక్షిణ భాగాన్ని, హూసుం, ఐడర్‌స్టెట్ జిల్లాలను కలిపి నోర్డ్‌ఫ్రీస్లాండ్ చేశారు. ఇక్కడ జర్మన్, ప్లాట్ అనే మాండలికం, డేనిష్, ఫ్రీసియన్ అన్నీ మాట్లాడతారు. ఉత్తర ఫ్రీసియన్ మాట్లాడేవారు పదివేల లోపే ఉంటారని అంచనా. మా తాలూకా సంత అక్కడ ఉన్నా ఎవరికీ వింతగా తోచదు.

ఆ జిల్లా చిహ్నం నీలం డాలు మీద మూడు బంగారు ఓడలు. మూడు పాత జిల్లాలు కలిసి ఒక జిల్లా అయ్యాయని మూడు ఓడలు. తెరచాపల మీద ఒకదానికి నాగలి, ఒకదానికి చేప, ఒకదానికి ఎద్దు తల. సేద్యం, చేపల వేట, పశుపోషణ, అంటే అక్కడి జనం అన్నం తినే మూడు దారులు. చూశారా తేడా! కలిపేసినప్పుడు ఏ జిల్లా పేరు తుడిచేశామా అని కాకుండా, ఎవరెవరు వచ్చి కలిశారో చెప్పే గుర్తు అది. అందులో రాజు లేడు, నాగలి ఉంది. నిజాం జెండాలో లేని రైతు ఈ తెరచాప మీద ఉన్నాడు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. ఫ్రీసియన్లకు బంగారు, ఎరుపు, నీలం పట్టీల సొంత జెండా ఉంది. 2004లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర శాసనసభ ఫ్రీసియన్ భాష గురించి ఒక చట్టం చేసింది. ఆ జిల్లాలో, హెల్గోలాండ్ దీవిలో ప్రభుత్వ కార్యాలయాల దగ్గర ఫ్రీసియన్లు తమ భాషలో మాట్లాడవచ్చు, బోర్డులు రెండు భాషల్లో పెట్టవచ్చు. రాష్ట్రపు రంగులు, చిహ్నం పక్కనే ఫ్రీసియన్ల రంగులు, చిహ్నం కూడా వాడవచ్చు. పక్కనే అన్న మాట గమనించండి. బదులుగా అనలేదు, కింద అనలేదు. పదివేలమంది లోపున్న భాష జెండా ప్రభుత్వ భవనం మీద ఎగిరితే జర్మనీ ముక్కలు కాలేదు. నిజానికి అక్కడ సరిహద్దు గొడవ చల్లబడిందే ఇలాంటి మాటలతో. 1955లో జర్మనీ, డెన్మార్క్ చెరొక ప్రకటన చేసి, తమ దగ్గరున్న అవతలి భాషవాళ్ళ హక్కులు కాపాడతామన్నాయి.

జెండాలు పెరిగితే జగడాలు పెరగవా అని ఎవరైనా అడగవచ్చు. భయం అకారణమేమీ కాదు. మన దేశంలో భాష పేరుతో, జెండా పేరుతో జరిగిన గొడవలు తక్కువా? కాని మా పక్క తాలూకా జివతిలో సరిహద్దు మీదున్న పద్నాలుగు గ్రామాలను చూడండి. వాటిని ఇటు మహారాష్ట్ర తనవంటుంది, అటు తెలంగాణ కెరమెరి మండలంలోనివంటుంది. రెండు రేషను కార్డులు, రెండు ఓటరు జాబితాలు, రెండు బడులు. అక్కడ గొడవకు కారణం జెండాలు ఎక్కువై కాదు. ఆగస్టు 15కు ఎగిరేది ఒకే జెండా. ఆ ఊళ్ళ ప్రజలు అడిగేది ఏ లాంఛనం తమదని కాదు, తాము దున్నే భూమికి పట్టా ఎవరిస్తారని. గుర్తు లేకపోవడం కన్నా గుర్తింపు లేకపోవడం కష్టం. ఫ్రీసియన్ జెండాకు విలువ వచ్చింది దాని వెనుక బడి, బోర్డు, కార్యాలయంలో మాట్లాడే హక్కు ఉన్నందుకే. అవి లేకుండా జెండా ఒక్కటే ఇస్తే అది మన అర్థంలో లాంఛనం అవుతుంది.

అందువల్ల కోర్పనాకు ఒక చిహ్నం గీసి పెట్టమని నేను అడగడం లేదు. పత్తికాయ వెయ్యాలా, టేకాకు వెయ్యాలా, సున్నపురాయి వెయ్యాలా అని తర్వాత తీరిగ్గా వాదించుకోవచ్చు. ముందు చేయవలసిన పని ఇంకోటుంది. ఈ నేల మీద ఎగిరిన జెండాలన్నిటికీ కాగితాల మీద ముద్రలున్నాయి. నిజాం కాలపు ఉర్దూ పట్టాలు, స్టాంపు కాగితాలు, పన్ను రసీదులు, 1956కు ముందు ఆదిలాబాద్ జిల్లా పేరుతో ఇచ్చిన బడి సర్టిఫికెట్లు మన ఇళ్ళల్లో పాత ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. చదవడం రాక కొందరు పారేస్తున్నారు, చెదలు కొన్నిటిని తింటున్నాయి. భూమి తగాదాల్లో ఆ కాగితాల అవసరం తెలిసేసరికి అవి ఉండటం లేదు. ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఇంకా ఊళ్ళల్లో ఉండగానే వాటిని చదివించి, తెలుగులో, మరాఠీలో నకలు రాయించి పెట్టుకోవాలి. ముద్రల ఫొటోలు తీసుకోవాలి. మాణిక్‌గఢ్ ద్వారం మీది నాగును, చాందా దర్వాజాల మీది సింహాన్ని పిల్లలకు చూపించి అవెవరివో చెప్పాలి. ఆ చెప్పడం ఇంట్లో మాట్లాడే భాషలోనే జరగాలి. రాజుల ముద్రలు వాటంతటవే రాతిలో నిలిచాయి. ఆ రాజుల కింద బతికినవాళ్ళ ఆనవాళ్ళు మాత్రం ఆ కాగితాల్లోనూ, ఆ మాటల్లోనూ ఉన్నాయి. వాటిని కాపాడుకోవలసింది మనమే.